రోజూ ఎండలో తిరిగే చామనఛాయ ముఖానికి ముందుగా ఏవి కొనాలి, మేకప్ ఎలా మొదలుపెట్టాలి?

చంద్రగిరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. డిగ్రీ పూర్తయ్యాక ఈ మధ్యనే తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగంలో చేరాను. చంద్రగిరి నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లి వస్తాను. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. కాలేజీ రోజుల్లో ముఖానికి పౌడరు, కళ్లకు కాటుక, నుదుట బొట్టు తప్ప మరేమీ ఎరుగను. ఇప్పుడు తేలికపాటి మేకప్‌తో కనిపించాలని ఉద్యోగంలో చెప్పారు. ఆ తేలికపాటి మేకప్‌లో ఏమేమి ఉంటాయో, ఏది ముందు వేసుకోవాలో, ఏది తరువాత వేసుకోవాలో చెప్పేవారు మా ఇంట్లో ఎవరూ లేరు. వీడియోల్లో చూస్తే ఒక్కొక్కరు పది పన్నెండు సీసాలు వరుసగా పెట్టి చూపిస్తున్నారు. ఇంటికి ఇవ్వవలసింది ఇచ్చాక నా చేతిలో మిగిలేది వెయ్యి, పన్నెండు వందలు మాత్రమే కాబట్టి, వాటిలో నాకు నిజంగా అవసరమైనవి ఏవో తెలుసుకొని కొనాలని అనుకుంటున్నాను.

నాది చామనఛాయ. నుదురు, ముక్కు మధ్యాహ్నానికల్లా జిడ్డెక్కుతాయి, బుగ్గలు మాత్రం ముఖం కడుక్కున్న వెంటనే బిగదీసినట్టు అవుతాయి. మా ఇంట్లో వాడేది బోరు నీళ్లు. సబ్బు సరిగా నురగ రాదు, కుళాయి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. గడ్డం మీద, దవడ పొడవునా మొటిమలు వస్తున్నాయి, పాత మొటిమలు నల్లని మచ్చలుగా మిగిలిపోయాయి. ఒక దుకాణంలో ఫౌండేషన్ అడిగితే నా రంగుకంటే బాగా తెల్లగా ఉన్నది చేతిలో పెట్టి, ఇది వేసుకుంటే కళగా ఉంటారని చెప్పారు. అక్కడే వేసి చూసుకుంటే ముఖం మీద బూడిద రాసుకున్నట్టు కనిపించడంతో కొనకుండా వచ్చేశాను.

మరొక సందేహం కూడా ఉంది. మా పక్కింటి పిన్ని మెడికల్ షాపులో దొరికే ఒక చిన్న ట్యూబు తెచ్చి ఇచ్చింది. తన కూతురికి పెళ్లిచూపుల ముందు పదిహేను రోజులు రాస్తే మచ్చలు పోయి ముఖం తెల్లబడిందని చెప్పింది. నేను ఇంకా రాసుకోలేదు. మా అమ్మమ్మ మాత్రం ఇవేవీ వద్దని, పసుపులో నిమ్మరసం కలిపి పట్టించమని అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

మిట్టూరు అక్క:

చెల్లీ, చిత్తూరులో పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా వృత్తి. చామనఛాయ ఉన్న అమ్మాయిలే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు కాబట్టి నీ ప్రశ్నలో ప్రతి మాటా నాకు తెలిసినదే. పిన్ని ఇచ్చిన ట్యూబు గురించి మందుల సంగతి తెలిసినవారు చెప్పాలి, అంతవరకు దాని మూత తీయవద్దు. నేను మిగతావి చెబుతాను.

మొదటి జీతంతో మేకప్ సామాను కొనవద్దు. సబ్బుకు బదులుగా వాడే ఒక మృదువైన ఫేస్ వాష్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్, ఈ మూడే కొను. మంచి సన్‌స్క్రీన్ కొన్నాక పౌడరుకు డబ్బు మిగలకపోయినా నష్టం లేదు. పౌడరు కొని సన్‌స్క్రీన్ మానేస్తే మాత్రం ఆ నల్లమచ్చలు నెలల తరబడి అలాగే ఉంటాయి. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండకు తెల్లవారి చర్మం కందినంతగా మనది కందదు, అయితే ఒక మొటిమ వచ్చి తగ్గినా, ఒక దోమ కుట్టినా ఆ చోట నల్లని గుర్తు మిగలడం మనకే ఎక్కువ. ఆ గుర్తు మీద రోజూ ఎండ పడుతూ ఉంటే అది ఇంకా ముదురుతుంది. మచ్చలకు ఏ సీరం రాయాలా అని అందరూ అడుగుతారు కానీ, ఎండను అడ్డుకోకుండా ఏ సీరం రాసినా అది చిల్లికుండలో పోసిన నీరే.

బోరు నీళ్ల గురించి నువ్వు రాసినది చాలా ముఖ్యమైన విషయం. ఆ నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిగటగా చర్మం మీద పేరుకుంటాయి. దానికి తోడు మామూలు సబ్బుకు క్షార గుణం ఎక్కువ. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో అది తొమ్మిది, పది వరకు ఉంటే, మన చర్మం పైపొర పీహెచ్ అయిదు దరిదాపుల్లో ఉంటుంది. బుగ్గలు బిగదీయడానికి ఈ రెండూ కారణాలే. అందుకే సబ్బు లేనిదని పెట్టె మీద రాసి ఉన్న ఫేస్ వాష్ తీసుకో. ఉదయం ఒకసారి, ఇంటికి వచ్చాక ఒకసారి చాలు. జిడ్డుగా ఉందని నాలుగైదు సార్లు కడిగితే బుగ్గలు పొడిబారి మండుతాయి, జిడ్డు మాత్రం మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని కొందరు మానేస్తారు, అది సరికాదు. జెల్ రూపంలో ఉండేది, నూనె తక్కువగా ఉండేది తీసుకొని, బుగ్గలకు కాస్త ఎక్కువగా, నుదుటికి, ముక్కుకు పలుచగా రాసుకో.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు రెండు గుర్తులు చూడాలి. ఎస్పీఎఫ్ అనేది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల నుంచి కాపాడే శక్తికి కొలత. సరిపడా రాసుకుంటే ఎస్పీఎఫ్ 30 ఉన్నది ఆ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతుంది, కాబట్టి ఇంకా పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. రెండవది పీఏ అన్న అక్షరాల పక్కన ఉండే కూడిక గుర్తులు. అవి మచ్చలను ముదిర్చే యూవీఏ కిరణాలకు సంబంధించినవి. మూడు గానీ నాలుగు గానీ ఉన్నది చూసి తీసుకో. ఈ యూవీఏ కిరణాలు మబ్బుల్లోంచీ, మామూలు కిటికీ అద్దంలోంచీ కూడా లోపలికి వస్తాయి. హోటల్ రిసెప్షన్ ఎదుట పెద్ద అద్దాల తలుపు ఉండడం మామూలే కనుక, నీడలో ఉన్నాను కదా అని మానవద్దు.

ఎంత రాయాలన్నదానిలోనే చాలామంది పొరపాటు పడతారు. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన చాపి, రెండింటి మీదా కింది నుంచి పైదాకా ఒక్కొక్క గీత వచ్చేలా పిండితే వచ్చేదంతా ముఖానికి, మెడకు కావాలి. అంతకంటే తక్కువ రాస్తే పెట్టె మీది ఎస్పీఎఫ్ నీకు అందదు. ఈ లెక్కన రోజుకు ఒకసారే వాడినా యాభై గ్రాముల ట్యూబు నెలకు కొద్దిగా పైన మాత్రమే వస్తుంది. కనుక ఖరీదైనది కొని పొదుపుగా రాసుకోవడం కంటే, అందుబాటు ధరలో ఉన్నది కొని నిండుగా రాసుకోవడమే మేలు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న వాటిలో కొన్ని మన రంగు మీద తెల్లగా తేలతాయి. అలాంటప్పుడు లేత గోధుమ రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ చూడు. వాటిలో కలిపే ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతుంది, మంగు మచ్చలు ముదరడంలో ఆ వెలుతురుకూ పాత్ర ఉంది. పైగా అది రంగును కాస్త సమం చేస్తుంది కాబట్టి నీకు ఫౌండేషన్ అవసరమే రాకపోవచ్చు.

ఇక దవడ పొడవునా వచ్చే మొటిమల సంగతి. అదే చోట హెల్మెట్ పట్టీ ఒరుసుకుంటుందేమో, ముఖానికి కట్టుకునే చున్నీని ఎన్ని రోజులకు ఒకసారి ఉతుకుతున్నావో చూసుకో. చెమట, ఒరిపిడి, దుమ్ము ఒక్కచోట చేరితే మొటిమలు రావడం సహజం. పలుచని నూలు గుడ్డలు రెండు మూడు పెట్టుకొని, రోజుకొకటి మార్చి ఉతుక్కో, హెల్మెట్ లోపలి మెత్తను కూడా వీలున్నప్పుడల్లా శుభ్రం చెయ్. పలుచని షిఫాన్ చున్నీ ఎండను ఆపదు, దుమ్మును మాత్రమే కొంత ఆపుతుంది.

రెండవ నెల జీతం వచ్చాక మేకప్ సామాను కొనుక్కో. ఫౌండేషన్ కొనితీరాలనుకుంటే పట్టపగలు దుకాణానికి వెళ్లు. చేతి మీద వేసి చూడవద్దు. చేతి రంగు, ముఖం రంగు ఒకటి కావు. దగ్గరదగ్గరగా ఉన్న మూడు షేడ్లను దవడ ఎముక మీద నిలువుగా మూడు గీతలు గీసి, దుకాణం గడప దాటి బయటి వెలుతురులో చిన్న అద్దంలో చూసుకో. లోపలి దీపాల కింద మూడూ బాగానే కనిపిస్తాయి. బయట మాత్రం ఒకటి తెల్లగా తేలుతుంది, ఒకటి ఎర్రగా కనిపిస్తుంది, ఒకటి మెడలో కలిసిపోయి ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఆ కలిసిపోయినదే నీ షేడ్. వెంటనే కొనకుండా పది, పదిహేను నిమిషాలు ఆగు, ఎందుకంటే కొన్ని రకాలు చర్మపు జిడ్డుతో కలిసి కాస్త నల్లబడతాయి. దుకాణంలో నీకు బూడిద రాసుకున్నట్టు కనిపించిందంటే లోపం నీ ముఖంలో లేదు, ఆ షేడ్ నీది కాదు. మన ఛాయలో పసుపు, బంగారు వన్నె ఎక్కువగా ఉంటుంది; గులాబీ వన్నె కలిసిన తెల్లని షేడ్ దాని మీద వేస్తే అలాగే పాలిపోతుంది. పెళ్లికూతురిని రెండు షేడ్లు తెల్లగా చేయమని అడిగే పెద్దవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను, ఒప్పుకోకపోతే ఆ పని వదులుకుంటాను.

నిజానికి రోజువారీ పనికి ముఖమంతా ఫౌండేషన్ పూయనవసరం లేదు. సన్‌స్క్రీన్ రాసి పది నిమిషాలు ఆరనివ్వు. నల్లమచ్చల మీద మాత్రమే, మచ్చలను కప్పడానికి వాడే కన్సీలర్‌లో నారింజ వన్నె ఉన్నదాన్ని ఉంగరపు వేలితో చుక్కగా పెట్టి, రుద్దకుండా మెల్లగా అద్దు. మన చర్మంపై నల్లమచ్చలో ఉండే నీలి, బూడిద ఛాయను నారింజ రంగు కప్పేస్తుంది. నుదుటి మీద, ముక్కు మీద కొద్దిగా కాంపాక్ట్, అంటే డబ్బాలో బిళ్లలా వచ్చే పౌడరు, అద్దుకో, బుగ్గలకు వద్దు. కాటుక కరగకుండా ఉండాలంటే ముందు కింది రెప్ప కింద కాస్త పౌడరు అద్ది, కాటుక పెట్టాక దాని మీద నల్లని గానీ ముదురు గోధుమ రంగు గానీ ఐషాడోను దూదిపుల్లతో పలుచగా అద్దాలి. పెదవులకు ఇటుక రంగు, ముదురు గులాబీ, నేరేడు రంగు మన ఛాయకు నిండుగా ఉంటాయి. ఆ లిప్‌స్టిక్‌నే ఒక చుక్క వేలితో బుగ్గల మీద అద్దితే వేరే బ్లష్ కొనే పని ఉండదు.

రాత్రి ఎంత అలసిపోయి ఉన్నా మేకప్ తీయకుండా పడుకోవద్దు. మా తమ్ముడు తిరుపతి గంగజాతరలో మొక్కు తీర్చుకోవడానికి తోటి వేషం కట్టి ఒళ్లంతా బొగ్గు పూసుకుంటాడు. ఆ బొగ్గు మీద సబ్బు వేసి రుద్దితే చర్మం మండుతుందే తప్ప నలుపు పోదు, ముందు నూనెతో మెత్తగా వదిలించి తరువాత కడగాలి. కాటుకకూ, నీళ్లకు చెదరని లిప్‌స్టిక్‌కూ కూడా అదే పద్ధతి. దూది మీద రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, మూసిన కన్ను మీద కాసేపు ఉంచి, ఒక్కసారి కిందికి తుడిచి, ఆ తరువాత ఫేస్ వాష్‌తో కడిగేయ్. నీకు మొటిమలు ఉన్నాయి కాబట్టి ఆ కొబ్బరినూనె ముఖం మీద నిలవకూడదు.

కొర్లగుంట ఫార్మసిస్టు:

అమ్మా, మీరు ఆ ట్యూబు రాసుకోకుండా ముందుగా అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. నేను తిరుపతిలో మందుల దుకాణంలో పనిచేస్తాను. ముఖం తెల్లబడే ట్యూబు కావాలని అడగని రోజు ఉండదు, వైద్యుని చీటీ లేకుండా ఇవ్వనని చెబితే కోపగించుకొని వెళ్లిపోయేవారూ ఉంటారు. ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్ అనే పేర్లలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడ్ కలిసిన మందు. చాలా ట్యూబులలో స్టెరాయిడ్‌తో పాటు, చర్మపు రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొర త్వరగా మారేలా చేసే ట్రెటినోయిన్ అనే మందులు కూడా కలిసి ఉంటాయి.

ఈ మూడింటి కలయిక స్వతహాగా చెడ్డ మందు కాదు. 1975లో క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, ఆయన సహచరుడు కలిసి ప్రకటించిన సూత్రం నుంచి వచ్చినదే ఇది. మంగు మచ్చలకు వైద్యులు కొన్ని వారాల పాటు, తాము చూస్తూ, మచ్చ ఉన్న చోట మాత్రమే రాయిస్తారు. దీన్ని ముఖమంతా, నెలల తరబడి, క్రీము రాసినట్టు రాయడమే ప్రమాదం. మొదటి పదిహేను రోజులు మీ పిన్ని చెప్పినట్టే అవుతుంది, ముఖం నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడి ఎర్రని సన్న నరాలు పైకి తేలతాయి, మొటిమలు గుత్తులుగా వస్తాయి, బుగ్గల మీద నూగు వెంట్రుకలు పెరుగుతాయి. అప్పుడు భయపడి ఆపేస్తే ముఖం మంటపుట్టి ఎర్రగా కందిపోతుంది, ఆ మంట తాళలేక మళ్లీ అదే ట్యూబు తెచ్చుకుంటారు. ఇలా దానికి అలవాటు పడిపోయిన ముఖాలను మామూలు స్థితికి తేవడానికి వైద్యులకు కూడా నెలలు పడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లు పద్నాలుగింటిని, చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది కూడా ఈ కారణంగానే. మీ పిన్నిగారు ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, ఆమె కూతురు ఇంకా అది రాస్తూ ఉంటే మాత్రం ఉన్నట్టుండి మానేయకుండా చర్మవైద్యుని చూడమని చెప్పండి.

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, గడువు తేదీ లేని తెల్లబరిచే క్రీములు సంతల్లోనూ, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. అలాంటి వాటిలో పాదరసం కలిసినవి పలు దేశాల పరీక్షల్లో బయటపడ్డాయి. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పెట్టె మీద ఆ వివరాలు లేకపోతే ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేవద్దు.

మొటిమలకు చీటీ లేకుండా మొదలుపెట్టదగిన వాటిలో సాలిసిలిక్ ఆమ్లం రెండు శాతం వరకు ఉన్నది ఒకటి, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ ఒకటి. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏదైనా ఒకటి తీసుకొని, మొదట చెవి వెనుక గానీ మోచేతి మడతలో గానీ రెండు మూడు రోజులు రాసి, దురద, మంట లేకపోతే అప్పుడు ముఖానికి రాత్రి విడిచి రాత్రి మొదలుపెట్టండి. బెంజాయిల్ పెరాక్సైడ్ గుడ్డల రంగును తినేస్తుంది కనుక తెల్లని దిండు గలేబు వాడండి, మీ రంగుల చున్నీలకు తగలనివ్వకండి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, వారం రోజులకే పనిచేయలేదని మార్చేయడం వల్ల డబ్బు పోవడం తప్ప లాభం లేదు. ఇక నిమ్మరసం మాట. నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, ఆ చోట ముదురు మచ్చలు పడతాయి. స్కూటీ మీద తిరిగే మీకు అది ఎంతమాత్రం తగదు.

పుత్తూరు పెద్దమ్మ:

ఫార్మసిస్టు బాబు నిమ్మరసం గురించి చెప్పినది నిజమే, కానీ అమ్మమ్మ మాటను మొత్తంగా తోసిపుచ్చవద్దని నా మనవి. పెసరపిండిలో కాస్త కస్తూరి పసుపు కలిపి నలుగు పెట్టుకోవడం మా ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. వంట పసుపు ముఖానికి వాడితే పచ్చదనం రెండు రోజులు వదలదు; కస్తూరి పసుపుకు ఆ ఇబ్బంది తక్కువ. పిండిని పలుచని గుడ్డలో జల్లించి, చాలా మెత్తగా ఉన్నదే తీసుకోవాలి. పాలతో గానీ నీళ్లతో గానీ జారుగా కలిపి రాసి, అది పూర్తిగా ఆరి పెళుసుబారకముందే తడి చేత్తో వదిలించాలి. ఆరిపోయిన పిండిని గట్టిగా రుద్ది రాల్చడం ఒంటికి సరిపోతుందేమో గానీ, మొటిమలున్న ముఖానికి మంచిది కాదు. వారానికి ఒకసారి, సెలవు రోజున చేసుకుంటే అమ్మమ్మకూ తృప్తిగా ఉంటుంది. గంధం, ఎర్రచందనం చల్లగా ఉంటాయి కానీ ఎండను ఆపుతాయని అనుకోవద్దు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి గుండుకు గంధం పూసుకున్నవారు అదే చాలనుకొని మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగడం చూస్తుంటాను. ఎన్నడూ ఎండ తగలని నెత్తి చర్మం త్వరగా కమిలిపోతుంది, కాబట్టి గంధం మీద టోపీ గానీ తుండు గానీ తప్పకుండా ఉండాలి.

చంద్రగిరి అమ్మాయి:

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ట్యూబు మీద చూశాను, ఫార్మసిస్టు గారు చెప్పిన పేర్లలో మొమెటసోన్ ఉంది. పిన్నికి మీ సమాధానం చదివి వినిపించాను. ఆమె కూతురు ఇప్పటికీ అదే రాస్తోందట, వచ్చే వారం వైద్యుని దగ్గరకు తీసుకువెళతామని చెప్పారు.

ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. నెలకొకసారి స్నేహితులతో అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళతాను. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు ఎక్కేసరికి చెమటకు సన్‌స్క్రీన్ నిలుస్తుందా? రెండవది, నేను రోజూ పెట్టుకునే స్టిక్కరు బొట్టు ఉన్న చోట ఈ మధ్య దురదగా ఉంటోంది, బొట్టు తీస్తే ఆ చోట చర్మం చుట్టుపక్కల కంటే కాస్త పాలిపోయినట్టు కనిపిస్తోంది. ఇది జిగురు వల్లనే అయి ఉంటుందా?

మిట్టూరు అక్క:

కొండకు నడిచే రోజున మేకప్ ఏదీ వద్దు, చెల్లీ. నీటికి తట్టుకునేదని రాసి ఉన్న సన్‌స్క్రీన్ తీసుకో. అలాంటివి కూడా నలభై నిమిషాలకో ఎనభై నిమిషాలకో పరీక్షించినవే, రోజంతా నిలిచేవి కావు. దారిలో చాలా మేర పైకప్పు ఉన్నా, కప్పు లేని చోట్ల ఎండ నేరుగా తగులుతుంది. చెమటను రుద్ది తుడవకుండా మెత్తని గుడ్డతో అద్దుకొని, రెండు గంటలకు ఒకసారి మళ్లీ రాసుకో. తెల్లవారుజామునే బయలుదేరి ఎండ ఎక్కకముందే పైకి చేరడం ఏ క్రీముకంటే కూడా మంచిది.

కొర్లగుంట ఫార్మసిస్టు:

అమ్మా, బొట్టు విషయం తేలికగా తీసుకోకండి. కొన్ని స్టిక్కరు బొట్టుల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. అది పడనివారిలో మొదట దురద పుట్టి, తరువాత చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతిని, సరిగ్గా బొట్టు ఉన్నంత మేర తెల్లమచ్చ ఏర్పడుతుంది. దీన్ని మన వైద్యులు ఎన్నో ఏళ్లుగా గుర్తిస్తూనే ఉన్నారు. ఈ రోజు నుంచే స్టిక్కరు బొట్టు మానేయండి. రాత్రి తీసి అద్దం అంచుకు అంటించి, మర్నాడు దాన్నే మళ్లీ పెట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దుమ్ము చేరిన పాత జిగురు దురదను ఇంకా పెంచుతుంది కాబట్టి ఇంట్లో మిగతావారికి కూడా అది వద్దని చెప్పండి.

బదులుగా కుంకుమ పెట్టుకోవచ్చునా అంటే, దురద పూర్తిగా తగ్గేవరకు అదీ వద్దు. పసుపును నిమ్మరసం, వెలిగారంతో కలిపి చేసే పాత పద్ధతి కుంకుమ వేరు, మిరుమిట్లు గొలిపే ఎరుపుతో అమ్మే కుంకుమల్లో చాలావాటికి రంగు కృత్రిమమైనది. ఆ రంగులు పడక కూడా నుదుట దురద, నల్లదనం వచ్చేవారు ఉన్నారు. చర్మం తేరుకున్నాక కావాలంటే ఐబ్రో పెన్సిల్‌తో గానీ లిప్‌స్టిక్‌తో గానీ ముందు చెవి వెనుక పెట్టి చూసి, పడితేనే నుదుట బొట్టు దిద్దుకోండి.

పాలిపోయిన చోటు కనిపిస్తోందన్నారు కనుక నా మాటతో ఆగకుండా చర్మవైద్యునికి చూపించండి. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. తొలి దశలోనే కారణాన్ని ఆపేస్తే చాలామందిలో రంగు తిరిగి వస్తుంది. వెళ్లేటప్పుడు ముఖానికి ఏమీ రాసుకోకుండా వెళ్లండి. ఆ బొట్టుబిళ్లల అట్టను, మీరు వాడుతున్న ఫేస్ వాష్, క్రీములను, పిన్ని ఇచ్చిన ట్యూబును కూడా ఒక సంచిలో వేసి తీసుకువెళితే, ఏది పడుతోందో, ఏది పడడం లేదో వైద్యుడు పేర్లు చూసి చెప్పగలరు.